చందా సొమ్ము – కౌత్సుని లెక్క

గత మాసమున ఇంటి పద్దులను గూర్చి ముచ్చటించుకొంటిమి. పాలవాని లెక్క, కిరాణా లెక్క, పిల్లల బడి జీతముల లెక్క ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనుట వలన గృహిణికి కలుగు నిశ్చింతను వివరించితిని. ఈ మాసము మరియొక లెక్కను గూర్చి వ్రాయ సంకల్పించితిని. అది మన యింటి సొమ్ము లెక్క గాదు. ఒక సత్కార్యమునకని పదిమందిని అడిగి తెచ్చిన చందా సొమ్ము లెక్క. ఇంటి లెక్క తప్పినచో నష్టపడువారము మనమే. చందా లెక్క తప్పినచో నష్టపడువారు వేరు. ఈ సంగతి నాకు గ్రంథములు చదివి తెలియలేదు. నా తప్పు వలన తెలిసినది. కావున ముందుగా ఆ తప్పునే మీకు విన్నవించుకొందును.

2024వ సంవత్సరము సెప్టెంబరు నెల మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలగు పేటలు నీట మునిగిన సంగతి మీకు జ్ఞాపకముండును. మా యూరు అక్కడికి దూరమే యైనను, పసిబిడ్డలను భుజముల కెత్తుకొని నడుము లోతు నీటిలో నడచివచ్చు తల్లులను చూచిన తరువాత మా మనస్సులు నిలువలేదు. మా వీథిలో విష్ణు సహస్రనామ పారాయణకు చేరు స్త్రీలము పదిమందిమి కొంగు బిగించి బయలుదేరితిమి. మూడు దినములు ఇల్లిల్లు తిరిగి 46,350 రూపాయలు ప్రోగుచేసితిమి. అందులో 20,000 రూపాయలకు బియ్యము, 12,600 రూపాయలకు దుప్పట్లు, 4,300 రూపాయలకు పాలపొడియు మందులును కొంటిమి. సరకు చేరవేయుటకు బండి బాడుగ 5,000 రూపాయలైనది. మొత్తము 41,900 రూపాయలు ఖర్చుపడగా 4,450 రూపాయలు మిగిలినవి. ఆ మిగులును మా యింటి బీరువాలో నుంచితిని.

అంతలో దసరా వచ్చినది. పారాయణకు వాడు మైకు చెడిపోయియుండెను. “ఆ వరద డబ్బు ఊరికే పడి ఉందిగా వదినా! ఇదీ దేవుడి పనేగా!” అని ఒకరనిరి. అందరును తల యూపిరి. నేనును ఊపితిని. మైకు వచ్చినది.

కార్తీక మాసమున ఒక ఉదయము, మాకు వాడుకగా ఆకుకూరలు తెచ్చి యిచ్చు వృద్ధురాలు మా గడపవద్ద గంప దించి, “అమ్మగారూ, వరదోళ్ళకని నేనిచ్చిన ఇరవై రూపాయలు ఆళ్ళకి చేరినాయా అండీ?” అని అడిగినది.

“చేరాయమ్మా” అంటిని.

“మిగిలిన డబ్బుల్తో మైకు కొన్నారంట గదా! నా ఇరవై బియ్యంలో పోయిందో, మైకులో పోయిందో?” అని నవ్వినది.

ఆమె పరిహాసమునకే అనినది. కాని నా నోట మాట రాలేదు. ఏలయన, ఆమె సొమ్ము ఎందులో పోయినదో నాకును నిజముగా తెలియదు. నూరు, అయిదువందలు ఇచ్చినవారి పేర్లు నా కాగితమున కలవు. పది, ఇరువది ఇచ్చినవారి పేర్లు లేనే లేవు. ఆ రాత్రి ఈ మాట మా యింటివారితో చెప్పగా, వారు దిద్దుచున్న పరీక్ష కాగితములనుండి తల యెత్తి, “రసీదు పుస్తకమేది?” అని మాత్ర మడిగిరి. “లేదండీ” అంటిని. వారు మరల కాగితములలో మునిగిరి. వారు మందలించియున్నను నాకంత బాధ కలిగియుండదు.

చిన్ననాడు మా నాయనగారు అరుగుమీద కూర్చుండబెట్టి చెప్పిన రఘువంశము అయిదవ సర్గ ఆ రాత్రి నా మనస్సున మెదలినది. వరతంతు మహర్షి శిష్యుడగు కౌత్సుడు గురుదక్షిణ యేమి ఈయవలెనని పలుమారు వేధింపగా, గురువు విసిగి, నేర్పిన పదునాలుగు విద్యలకును పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజును యాచింప వచ్చెను. ఆ రాజో, విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి, మట్టి పాత్రతో అర్ఘ్యమీయవలసిన స్థితిలో నుండెను. అయినను అర్థిని రిక్తహస్తములతో పంపనొల్లక, కుబేరునిపై దండెత్త నిశ్చయించెను. ఆ రాత్రియే కోశాగారమున బంగారపు వాన కురిసెను. రాజు ఆ రాశి నంతయు గైకొమ్మనెను. గురువున కీయవలసిన దానికి మించి తనకు వలదని కౌత్సుడనెను. సాకేతపుర జనులు ఆ యిద్దరిని సమానముగా కొనియాడిరి.

బాల్యమున ఈ కథ విన్నప్పుడు నాకు రఘువే గొప్పవాడుగా తోచెను. ముప్పది యేండ్లు దాటిన తరువాత, బీరువాలో 4,450 రూపాయలు పెట్టుకొని దారి తప్పిన తరువాత, కౌత్సుని గొప్పతనము తెలిసినది. అడుగువానికి కూడ ఒక ధర్మమున్నది. ఏ పనిపేరు చెప్పి అడిగెనో ఆ పనికి మించినది తనది గాదని యెరుగుటయే ఆ ధర్మము. దాత ఇష్టపూర్వకముగా ఇచ్చినను, ఆ మించినది మరియొక మంచిపనికే యైనను, చెప్పక మరల్చు అధికారము యాచకునికి లేదు.

ఈ విషయమున మన దేశపు శాసనము లేమి చెప్పుచున్నవో తెలిసికొనుట మంచిదని తోచి, తెలిసినవారి నడిగియు, చదివియు కొంత గ్రహించితిని. వీలైనంత సులభముగా చెప్పెదను.

నమ్మి అప్పగించిన సొమ్మును దురుద్దేశముతో స్వంతమునకు వాడుకొనుట నమ్మకద్రోహ మను నేరము. ఇది 1860 నాటి శిక్షాస్మృతిలో నుండెను. 2024 జూలై 1వ తేదినుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షనుగా నున్నది. ఇక 1908 నాటి సివిలు ప్రక్రియా స్మృతిలో 92వ సెక్షను మరియొక దారి చూపుచున్నది. ప్రజాధర్మమునకై యేర్పడిన నిధిని నిర్వహించువారు దారితప్పినచో, ఆ ధర్మముతో సంబంధముగల ఇద్దరు, న్యాయస్థానము అనుమతి పొంది, లెక్క చెప్పింపుమనియు, నిర్వాహకుని తొలగింపుమనియు దావా వేయవచ్చును. మొదటి ఉద్దేశ్యము నెరవేరి సొమ్ము మిగిలినచో, దానిని దగ్గరి ఉద్దేశ్యమునకు మరల్చు అధికారమును ఆ సెక్షనే న్యాయస్థానమున కిచ్చుచున్నది. మిగులు సొమ్ము నిర్వాహకుల ఇష్టమునకు లోబడినది గాదనియే గదా దీని యర్థము!

సంఘముల రిజిస్ట్రేషనుకు మొదటి చట్టము 1860లో పుట్టినది. సంఘము రద్దగునప్పుడు అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదని అది ఆనాడే విధించెను. ఆంధ్రప్రదేశమున 2001లో వేరుగా సంఘముల చట్టము వచ్చినది. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత తెలంగాణమును దానినే గైకొన్నది. ఏడుగురు కలిసినచో సంఘమును రిజిష్టరు చేయవచ్చును. మహారాష్ట్రమున 1950 నాటి చట్టము క్రింద ధర్మాదాయ కమిషనరు అను అధికారి గలడు. గణేశ మండపములవంటి వానికి చందాలు వసూలు చేయువారు ఆయనకు తెలిపి, లెక్క చెప్పవలెను.

ఇచట ఒక హెచ్చరిక. రిజిస్ట్రేషను సంఖ్య యున్నంత మాత్రమున ఆ సంఘము యోగ్యమైన దనుకొనరాదు. ఆ సంఖ్య బిడ్డకు జనన పత్రము వంటిది. బిడ్డ పుట్టినదని చెప్పునే గాని గుణవంతుడని చెప్పదు.

ఆదాయపు పన్నులో మినహాయింపు గలదని చెప్పి అడుగువారు పలువురు వచ్చుచుందురు. 1961 నాటి చట్టమున 80జి అను పేరుతో ప్రసిద్ధి కెక్కిన ఏర్పాటు ఇది. 2025లో క్రొత్త చట్టము చేయబడినను జనుల నోట ఆ పేరే నిలిచియున్నది. ఈ మినహాయింపు అన్ని సంస్థలకు లేదు. పన్ను శాఖవారి ఆమోదము పొందినవానికే కలదు. నగదుగా నిచ్చిన దానమునకు పదివేల రూపాయల వరకు చెల్లుచుండిన ఈ మినహాయింపును 2017లో రెండువేలకు తగ్గించిరి. బియ్యము, వస్త్రములు మొదలగు వస్తువుల దానమునకు ఇది వర్తింపదు. మినహాయింపులు లేని క్రొత్త పద్ధతిలో పన్ను కట్టువారికిని ఇది లేదు. 2021–22 ఆర్థిక సంవత్సరము మొదలుకొని ఇట్టి సంస్థలు ఎవరెవరు ఎంతెంత ఇచ్చిరో పన్ను శాఖకు తెలిపి, దాతకు ధ్రువపత్రమీయు ఏర్పాటు వచ్చినది. కావున మినహాయింపు గలదని చెప్పి ధ్రువపత్ర మీయనివారిని శంకింపవలసినదే.

మన బిడ్డలలో విదేశములందున్నవారు అనేకులు. వారు ప్రేమతో మన యూరి పనులకు సొమ్ము పంపగోరుదురు. 2010 నాటి విదేశీ విరాళముల చట్టము ననుసరించి, భారత పౌరసత్వము నిలుపుకొన్న మేనల్లుడు తన స్వార్జితమును బ్యాంకు ద్వారా పంపినచో అది విదేశీ విరాళము గాదు. అదే మేనల్లుడు అమెరికా పౌరుడైనచో, రక్తము మనదే యైనను, సొమ్ము విదేశీ విరాళమే. ఆ చట్టము క్రింద అనుమతి లేని సంఘము దానిని గైకొనరాదు. 2020లో ఆ చట్టమును సవరించి, అట్టి సొమ్ములో పాలనా వ్యయము నూటికి 50 వంతులు మించరాదన్న హద్దును 20కి దించిరి. ఆ సవరణ వలననే, ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేటు బ్యాంకు శాఖలో చేరవలెనన్న విధియు వచ్చినది.

శాసనముల మాట యిట్లుండ, శాసనము నిర్బంధింపకయే నియమము పాటించినవారి మాట వినుడు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో 1894లో నేటాలు ఇండియన్ కాంగ్రెసు స్థాపించిన నాటి సంగతి తన ఆత్మకథలో వ్రాసియున్నారు. చిన్న మొత్తము లిచ్చినవారు రసీదులు కోరకున్నను తాము పట్టుబట్టి ఇచ్చెడివారట. ప్రతి పైసకును లెక్క యుండెనట. కోరనివానికిని రసీదీయవలెనన్నది ఇందలి సారము. పది, ఇరువది ఇచ్చినవారి పేర్లు వ్రాయని నాకు ఆ పుట చెంపపెట్టు వలె తోచినది.

ఆయన 1929లో తన పత్రిక నవజీవనమున వ్రాసిన మరియొక సంగతి స్త్రీలమగు మనము తెలిసికొనదగినది. ఎవరో అపరిచితులు కస్తూరిబాయమ్మ చేతిలో నాలుగు రూపాయలు పెట్టిరి. ఆశ్రమ నియమము ప్రకారము ఆమె వానిని కార్యాలయమున జమకట్టవలసియుండగా, తనవద్దనే యుంచుకొనిరి. భర్త ఆ సంగతిని దాచక లోకమునకు ప్రకటించెను. ఒక గృహిణిని, అంతటి సాధ్విని, నాలుగు రూపాయలకై పదిమందిలో నిలిపిన ఆ తీరు నాకు నేటికిని రుచింపదు. ఇంటిలో చెప్పి దిద్దవచ్చునే యని మనస్సు పీకును. కాని నియమము మాత్రము ఖండింపరానిది. నాలుగు రూపాయలకు వర్తింపని నియమము నాలుగు లక్షలకును వర్తింపదు. నాయకుని యింటిలో వర్తింపనిది ఊరిలోను వర్తింపదు.

ఇంతకును నా తప్పును దిద్దుకొన్న విధము చెప్పవలెను. మరునాడే పదిమందిమి మా యింట కూడితిమి. తలకు 445 రూపాయల చొప్పున వేసికొని 4,450 రూపాయలు తిరిగి నిధిలో పెట్టితిమి. మైకు మా స్వంత దానమైనది. పిదప రాబడి, ఖర్చు, మిగులు ఒక పెద్ద కాగితమున వ్రాసి రామాలయపు గోడకు అతికించి, మిగులును ఏమి చేయవలెనో చెప్పుడని ఎనిమిది దినములు గడు విచ్చితిమి. ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపుడని ఎక్కువమంది చెప్పిరి. పంపి, ఆ రసీదును అదే గోడకు అతికించితిమి. ఇద్దరు సోదరీమణులు మొదట చిన్నబుచ్చుకొన్న మాట నిజమే. “మనమేమైనా తిన్నామా?” అని వారనిరి. తినలేదు. కాని తినలేదని పరులకు తెలియు మార్గమును మనము ఉంచలేదు. లెక్క యున్నచో మన నిజాయితీకి అదియే సాక్షి. లేనిచో దొంగకును దొరకును భేదము కనబడదు.

నాటినుండి మేము పాటించుచున్న నియమములను ఇచట వ్రాయుచున్నాను. మీ యూళ్ళలో ఉపయోగపడునేమో చూడుడు.

మొదటిది: బయలుదేరుటకు ముందే ఏ పనికి, ఎంత సొమ్ము, ఏ తేది వరకు వసూలు చేయుదుమో కాగితముపై వ్రాసి, మిగిలినచో ఏమి చేయుదుమో కూడ అందులోనే చెప్పవలెను. మిగులు మాట ముందే చెప్పియున్నచో మైకు చిక్కు మాకు వచ్చియుండెడిది కాదు.

రెండవది: వరుస సంఖ్యలు గల రసీదు పుస్తక ముండవలెను. పది రూపాయల కైనను, కోరకున్నను రసీదు ఈయవలెను. అందు పేరు, తేది, మొత్తము అంకెలలోను అక్షరములలోను, ఏ పనికో ఆ పని పేరు, పుచ్చుకొన్నవారి సంతకము ఉండవలెను.

మూడవది: నగదును ఏనాటి కానాడు ఇద్దరు కలిసి లెక్కించి, ఇద్దరును సంతకము చేయవలెను. సొమ్ము ఒకరి బీరువాలో నుండరాదు. సంఘము పేర బ్యాంకు ఖాతా తెరచి, ఇద్దరి సంతకములు లేక సొమ్ము తీయ వీలులేని యేర్పాటు చేయవలెను.

నాలుగవది: ప్రయాణపు ఖర్చు, బాడుగ, అచ్చు ఖర్చు దాచరాదు. మా లెక్కలో బండి బాడుగ 5,000 అని చదివి ఎవరును ఆక్షేపింపలేదు. దాచిన ఖర్చే శంకకు తావిచ్చును.

అయిదవది: ఎవరిని బలవంతపెట్టరాదు. పండుగనాళ్ళలో త్రోవకు అడ్డముగా త్రాడు కట్టి బండ్ల నాపి చందా అడుగుట దానము గాదు, దండుగ వసూలు. అట్లే ఇచ్చినవారి మొత్తములను గోడకెక్కించి, ఈయలేని పేదలను సిగ్గుపరచుటయు తగదు. లెక్క గోడమీద ఉండవలెను. దాతలలో హెచ్చుతగ్గులు పుస్తకములో ఉన్న చాలును.

ఇక ఇచ్చువారి మాట. మన గడప కెవరైన వచ్చినప్పుడు మీరెవరు, ఏ పనికి, రసీదు కలదా, లెక్క ఎచట చూపుదురు అని నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడుగుడు. ఈ కాలమున గడప దాటకయే చేతి ఫోనులోనికి యాచన వచ్చుచున్నది. జబ్బుపడిన బిడ్డ బొమ్మ చూపి, క్రింద క్యూఆర్ కోడు పెట్టి, వెంటనే పంపుడని తొందరించుదురు. సొమ్ము పంపుటకు ముందు ఫోనులో ఎవరి పేరు కనబడుచున్నదో చదువుడు. ఆసుపత్రి పేరు చెప్పినచో, ఆ సందేశమున నున్న అంకెకు గాక, మీరు స్వయముగా కనుగొన్న ఆసుపత్రి అంకెకు ఫోను చేసి విచారించి, వీలైనచో ఆసుపత్రి ఖాతాకే కట్టుడు. ఒక గంట ఆలస్యమైనందున దానము చెడదు. తొందరపడినచో మాత్రము అక్కరగల బిడ్డకు చేరవలసినది వంచకునికి చేరును; అటుపిమ్మట నిజముగా అక్కర గల తల్లి వచ్చి అడిగినను మన చేయి ముందుకు రాదు. చందా దొంగలు అపహరించునది మన నూరు రూపాయలు మాత్రమే గాదు. రాబోవు దీనునికి చెందవలసిన మన నమ్మకము.

ముఖ్యమంత్రి నిధి రసీదు చేతికి వచ్చిననాడు నేను దానిని తీసికొని, ఆకుకూరల గంప దించువేళకు గడపవద్ద నిలిచితిని. ఆమెకు చదువు రాదు. నేనే చదివి వినిపించి, మైకు మా సొమ్ముతో కొన్నట్లు జరిగిన మార్పును చెప్పి, ఆమె ఇరువది రూపాయలు వరద బాధితులకే చేరినవని చెప్పితిని. ఆమె సంతోషించునని తలచితిని. కాని ఆమె నా ముఖమువంక భయముగా చూచి, “అడిగినందుకు కోపం రాలేదుగదండీ?” అనినది.

నా కన్నులు చెమ్మగిలినవి. తన సొమ్ము ఏమైనదని అడుగుటకు ఆమె నవ్వును అడ్డము పెట్టుకొనవలసివచ్చినది. అడిగి ఇన్ని దినములు భయపడినది. ఇచ్చునప్పుడు సమానురాలై యుండిన ఆమెను, లెక్క చెప్పని నా అలసత్వము యాచకురాలిని చేసినది. సోదరీమణులారా! మన నియమము లన్నింటి ప్రయోజనము ఇదియే. ఇరువది రూపాయలిచ్చిన మనిషి ఎవరికిని వెరవక, నవ్వు చాటు లేక, “నా సొమ్ము ఏమైంది?” అని అడుగగలుగవలెను. ఆమె అడుగకముందే మనము చెప్పగలిగిన నాడు మరింత మేలు.

మీ యూళ్ళలో చందాలెక్కలు వ్రాయు పద్ధతులను నాకు తెలుపుడు. మంచివానిని వచ్చు మాసమున ఇచట పొందుపరచెదను.